కొత్తవాళ్లు ఎందుకు నిలవలేదు?

2007 మార్చిలో ఇంగ్లీషు వికీపీడియాలో నెలకు కనీసం ఐదు దిద్దుబాట్లు చేసేవాళ్లు 50,000 దాటారు. ఆ తర్వాత వ్యాసాలు పెరుగుతూనే పోయాయి గాని, రాసేవాళ్లు చాలా ఏళ్లపాటు తగ్గుతూ వచ్చారు. తేలిగ్గా రాయగల విషయాలు అయిపోయాయని కొందరన్నారు. అందులో కొంత నిజముంది. అయితే కొత్తవాళ్లు ఎందుకు నిలవలేదో దాంతో తేలదు.

వికీపీడియాకు ముందు న్యూపీడియా ఉండేది. ప్రతి వ్యాసాన్నీ నిపుణులు ఏడంచెల్లో పరిశీలించేవారు. మూడేళ్లకు పాతిక వ్యాసాలు తయారవడమే గగనమైంది. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాలో ఎవరైనా నేరుగా రాయొచ్చు. ఏడాది తిరిగేసరికి సుమారు 20,000 వ్యాసాలొచ్చాయి. వ్యాసాన్ని మెరుగుపరచడానికి నియమం అడ్డొస్తే ఆ నియమాన్నే పక్కన పెట్టమన్న కాలమది. ఉన్నదే కొద్దిమంది కాబట్టి ఆ ధీమా చెల్లింది.

జనం వేలల్లోకి చేరాక ఒకరి మంచితనం మీద మరొకరికి భరోసా ఎలా? మాట్లాడుకోవాలి, తగవులు తీర్చుకోవాలి, తీర్మానాలు రాసుకోవాలి. మొత్తం దిద్దుబాట్లలో నేరుగా వ్యాసాల మీద జరిగేవి 2001లో 90 శాతానికి పైగా ఉంటే, 2006 నాటికి దాదాపు 70 శాతానికి దిగాయి. మిగతా శ్రమంతా చర్చలకు, నిర్వహణకు పోయింది. దాన్ని వృథా అనలేం. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌తాలర్ జీవిత వ్యాసంలో ఎవరో పెట్టిన అభాండం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే, ఖాతా లేనివాళ్లు కొత్త వ్యాసం మొదలుపెట్టకుండా కట్టడి వచ్చింది.

దుశ్చర్యలు పెరిగేకొద్దీ కాపలా యంత్రాల చేతికి వెళ్లింది. హగిల్ అనే పరికరంతో ఒక్క మీట నొక్కి దిద్దుబాటును రద్దు చేయొచ్చు. 2010లో వచ్చిన క్లూబాట్ ఎన్‌జీ అనే ప్రోగ్రాముకు ఆ మీట నొక్కే మనిషి కూడా అక్కర్లేదు. పరిశోధకుడు ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇది: మంచి ఉద్దేశంతో వచ్చే కొత్తవాళ్ల పాలు 2006 తర్వాత పెద్దగా తగ్గలేదు, వాళ్ల రాతల్ని కొట్టేయడం మాత్రం పెరిగింది. మూలం చూపించడం తెలియనివాడికీ, బూతు రాసినవాడికీ ఒకే మీట. మొదటి ప్రయత్నమే మాయమైతే రెండోసారి రావడానికి ఎవరికి మనసొప్పుతుంది? నియమాలు కూడా అప్పటికే బిగుసుకుపోయాయి. కొత్తవాళ్లు వాటిని మార్చాలన్నా మాట చెల్లని స్థితి.

2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా ఇబ్బంది దీనికి తలకిందులు. ఇక్కడ గుంపు లేదు. ఊళ్ల పేజీలు వేలకొద్దీ ఉన్నా, వాటిని సరిచూసి పెంచడానికి చేతులు చాలవు. రచ్చబండ అనే చర్చా పేజీలో నియమాలు చర్చించేవాళ్లే వ్యాసాలూ రాయాలి, దుశ్చర్యలూ తుడవాలి, కొత్తవాళ్లకూ నేర్పాలి. కొత్తగా వచ్చే ప్రతి మనిషీ ఇక్కడ అంత విలువైనవాడు.

కొత్తవాళ్లను నిలుపుకోవడానికి ఇంగ్లీషు వికీపీడియన్లు 2012లో టీహౌస్ అనే పేజీ తెరిచారు. ఎంత చిన్న సందేహమైనా అక్కడ అడగొచ్చు, అనుభవజ్ఞులు ఓపిగ్గా జవాబిస్తారు. అక్కడికి రమ్మని ఆహ్వానం అందనివాళ్లకంటే అందినవాళ్లు ఎక్కువమంది రాస్తూ నిలబడ్డారని 2018లో ఒక అధ్యయనం లెక్కతేల్చింది.