ఎన్‌కౌంటర్ రోజు నాకు కలిగిన సంతోషం, అది న్యాయమేనా?

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. మనం నేరస్తుడికి శిక్ష ఎందుకు వేస్తాం?

2019 డిసెంబర్ 6. పొద్దున్నే ఫోన్ తీస్తే అంతటా ఒకటే వార్త. దిశ కేసులో నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేనూ ‘న్యాయం జరిగింది’ అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. దాచను, ఆ రోజు నాకు నిజంగా సంతోషమే వేసింది.

ఆ సంతోషం ఎక్కడిది? సైకాలజీలో మెల్విన్ లెర్నర్ అనే ఆయన ఒక మాట చెప్పారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలని మన మనసుకు ఉంటుంది. ఘోరం జరిగితే ఆ నమ్మకం కదిలిపోతుంది. లెక్క త్వరగా సరిపోవాలని తొందరపడతాం. ఆ కోపం తప్పు కాదు. ఒక ఆడపిల్లకి అంత అన్యాయం జరిగితే కోపం రాకపోతేనే తప్పు.

కానీ 2008లో కార్ల్‌స్మిత్, విల్సన్, గిల్బర్ట్ ఒక ప్రయోగం చేశారు. ఆటలో తమని మోసం చేసినవాణ్ని శిక్షించే అవకాశం కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే శిక్షించినవాళ్లే ఎక్కువ బాధలో ఉన్నారు. మోసగాడి గురించే ఆలోచిస్తూ ఉండిపోయారన్నమాట.

ఇప్పుడు ఫిలాసఫీకి వద్దాం. కాంట్ చాలా కఠినం. హత్య చేసినవాడికి మరణమే తగిన శిక్ష అంటాడు. కానీ ఆయన కూడా ముందు నేరం రుజువు కావాలి, శిక్ష కోర్టే వేయాలి అంటాడు. ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే ఇంకో మాట రాశాడు. నేరాన్ని ఆపేది శిక్ష ఎంత భయంకరం అన్నది కాదు, దొరికితే తప్పించుకోలేం అన్న నమ్మకం. అంటే ఫిర్యాదు వెంటనే తీసుకోవడం, దర్యాప్తు సరిగ్గా చేయడం, విచారణ త్వరగా ముగించడం. వీటికి మాత్రం ఎవరూ పూలు చల్లరు.

తర్వాత ఏమైంది? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికి వచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథనం నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది.

అది చదివాక నా స్టేటస్ గుర్తొచ్చింది. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చలేదు కూడా. దిశ కుటుంబానికి కోర్టు తీర్పు అనేదే లేకుండా పోయింది. ఆ రోజు తీరింది నా కోపం. దాన్నే నేను న్యాయం అనుకున్నా.

ఈసారి ఇలాంటి వార్త వస్తే స్టేటస్ పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగుదాం. తీరింది కోపమా, జరిగింది న్యాయమా అని మనల్ని మనమే అడుగుదాం.