పుట్టుకతో వచ్చి ఆర్నెల్లు ఆగే జబ్బు

ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒక టీచరు రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్లమీదే ఉంది. వాళ్ళ బడిలో సికిల్ సెల్ పరీక్షలు చేశారు. ఐదో తరగతి పాపకు జబ్బుందని తేలింది. ఇది పుట్టుకతో వచ్చేదని తల్లిని పిలిపించి చెబితే ఆమె ఒప్పుకోలేదట. "పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంది సార్. అన్నం పెట్టడం మొదలుపెట్టాకే చేతులూ పాదాలూ వాచి ఏడుపు పట్టుకుంది. పుట్టుకతో వచ్చిందయితే ఆర్నెల్లు ఎక్కడ దాక్కుంది?" అని ఎదురడిగిందట. టీచరు దగ్గర జవాబు లేదు. ఉత్తరం చివర ఆయన సొంత ప్రశ్న ఒకటుంది: దీనికి జన్యు చికిత్స వచ్చిందంటున్నారు, మన పిల్లలకు అందుతుందా?

ఆయన ప్రశ్నకు జవాబు చిన్నది, కొంచెం చేదు కూడా. అది తర్వాత. నన్ను నిద్రపోనివ్వనిది ఆ తల్లి ప్రశ్న. దాని వెంటపడి వెళ్ళినవాళ్ళే అరవై డెబ్భై ఏళ్ళకు ఆ జన్యు చికిత్స గుమ్మంలో తేలారు.

ముందు పాఠం త్వరగా ముగిద్దాం. ఒక్కో ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. పెద్దవాళ్ళలో ఒక్కో అణువుకి రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. బీటా గొలుసు వంటకం రాసి ఉన్నది 11వ క్రోమోజోము మీద. అందులో జీఏజీ అని ఉండాల్సిన చోట జీటీజీ అని ఒక్క అక్షరం మారితే, గొలుసులో ఆరో పూస గ్లుటమిక్ ఆమ్లం బదులు వాలీన్ అవుతుంది. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది అణువు జబ్బని చూపించింది. ఆ మారిన పూసను 1957లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి అలాంటి జన్యువులు వస్తే జబ్బు. ఒక్కటే వస్తే వాహకులు, వాళ్ళకు మామూలుగా బాధ ఉండదు. వాలీన్‌కి నీళ్ళంటే గిట్టదు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లో అది పక్క అణువులో ఉన్న చిన్న గుంతలోకి దూరి ఇరుక్కుంటుంది. దానికి ఇంకోటి, ఇంకోదానికి మరోటి. చివరికి 14 పోగుల తాడు పేనుకుంటుంది. లోపల తాడు బిగుసుకుంటే గుండ్రటి కణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో అడ్డం పడుతుంది. పసిపిల్లల వేళ్ళు వాచేది అందుకే.

ఇక అసలు కథ. 1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు మన తల్లి ప్రశ్ననే అడిగింది. సికిల్ సెల్ ఉన్న పిల్లల రక్తంలో పుట్టిన కొత్తలో కొడవళ్ళు కనబడవు, నెలలు గడిచేకొద్దీ ఎక్కువవుతాయి. పసికందు రక్తంలో ఉండే వేరే రకం హిమోగ్లోబిన్ కాపాడుతోందేమోనని ఆమె ఊహించింది. వేరే రకం ఉందని 1866లోనే ఎర్న్‌స్ట్ కోర్బర్ రాసి పెట్టాడు: పెద్దవాళ్ళ రక్తంలో క్షారం పోస్తే హిమోగ్లోబిన్ విరిగిపోతుంది, మాయ నుంచి తీసిన రక్తం మాత్రం తట్టుకుంటుంది. ఎనభై ఏళ్ళు ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన కూర్చోలేదు.

11వ క్రోమోజోము మీద బీటా ఒంటరిగా లేదు. ఒకే వరసలో ఐదుగురు అక్కచెల్లెళ్ళు: ఎప్సిలాన్, ఇద్దరు గామాలు, డెల్టా, బీటా. ముచ్చటేమిటంటే, నిలబడిన వరసలోనే వాళ్ళకు పని వంతు వస్తుంది. పిండం మొదటి వారాల్లో ఎప్సిలాన్. తర్వాత కాలేయంలో రక్తం తయారయ్యే నెలలన్నీ గామాలవి. పుట్టుక దగ్గరపడుతుండగా గామాలు బీటా చేతికి తాళాలగుత్తి ఇచ్చి తప్పుకుంటారు. డెల్టా ఇంట్లోనే ఉంటుంది గానీ పెద్దగా పని చెయ్యదు. గామా హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. కడుపులో బిడ్డ తల్లి రక్తంలోంచి ఆక్సిజన్ లాక్కోవాలి కదా, ఆ పట్టు అందుకు. పుట్టాక అక్కర్లేదు. పాత ఎర్రకణాలు రాలిపోతూ, కొత్తవి బీటాతో నిండుతూ ఆరు నెలల నుంచి ఏడాది లోపల గామా వాటా అడుగంటిపోతుంది. పెద్దవాళ్ళలో నూటికి ఒక్కటి కూడా మిగలదు.

కాబట్టి అమ్మా, జబ్బు ఎక్కడా దాక్కోలేదు. తప్పున్న బీటాకు అప్పటిదాకా వంతు రాలేదు, అంతే. అన్నం ముట్టే నెలా, బీటా చేతికి తాళాలొచ్చే నెలా ఒకటే కావడం యాదృచ్ఛికం.

గామా కాపాడే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. గామా గొలుసులో 87వ పూస గ్లుటమిన్. బీటాలో అక్కడ థ్రియోనిన్. వాలీన్ దూరే గుంత గోడ దగ్గరే ఆ పూస. గామా ఉన్న అణువు తాడులో ఇమడదు. పైగా ఒక గామా, ఒక చెడ్డ బీటా కలిసిన అణువు కూడా ఇమడదు. అంటే ఒక్కో గామా తనతో పాటు ఒక బీటాను కూడా తాడులోంచి తప్పిస్తుంది. తాడు పేనడం మొదలయ్యే ముందు కొంత ఆలస్యముంటుంది. తాడుకు పనికొచ్చే హిమోగ్లోబిన్ గాఢత రవ్వంత తగ్గినా ఆ ఆలస్యం ఎన్నో రెట్లు పెరుగుతుందని ఈటన్, హాఫ్రిక్టర్ అనే శాస్త్రవేత్తలు 1970లలో కొలిచి చెప్పారు. కణానికి కావలసింది ఇరుకు సందు దాటి ఊపిరితిత్తులకు చేరేంత వ్యవధి మాత్రమే. కాస్త గామా ఉంటే చాలు, బస్సు అందుకున్నట్టే.

ప్రకృతి ఈ ప్రయోగం ఎప్పుడో చేసి చూపించింది. 1955లో ఇప్పటి ఘనాలో, పెద్దయ్యాక కూడా గామా ఆగని మనుషులు కనిపించారు. వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. 1972లో సౌదీ తూర్పు ఒయాసిస్సుల్లో సికిల్ సెల్ ఉన్నా తేలిగ్గా బతికేస్తున్నవాళ్ళ గురించి రిచర్డ్ పెరైన్ రాశాడు. వాళ్ళ రక్తంలోనూ గామా ఎక్కువే. మన గిరిజనుల్లో ఉన్న సికిల్ జన్యువు కూడా ఆ అరబ్-భారత వంశానిదే. దాన్ని పట్టుకుని "మన దేశంలో సికిల్ సెల్ నెమ్మదైన జబ్బు" అని చాలాకాలం పాఠాలు చెప్పారు. విదర్భ ఆసుపత్రుల్లో పిల్లల్ని చూసినవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు. సగటును చూసి పిల్లవాడి నొప్పిని కొలవడం తప్పు.

మరి గామాను మూసేది ఎవరు? ఇక్కడ మహామహులు తడబడ్డారు. డీఎన్ఏ మీద అతుక్కునే మిథైల్ ముద్రలే తాళమని 1980ల మొదట్లో గట్టి నమ్మకం. ఆ ముద్రలు ఊడగొట్టే అజాసిటిడిన్ మందు ఇస్తే 1982లో బబూన్ కోతుల్లోనూ, మనుషుల్లోనూ నిజంగానే గామా లేచింది. సిద్ధాంతం గెలిచిందనుకున్నారు. రెండేళ్ళకు, ముద్రల జోలికే పోని హైడ్రాక్సీయూరియా కూడా గామాను లేపి కూర్చుంది! సిద్ధాంతం కుంటుపడినా మందు నిలిచింది. 1998లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్న ఆ మాత్రే ఇప్పటికీ మనకు దిక్కు. అంతకు ముందే, 1980లో, మార్టిన్ క్లైన్ అనే అమెరికా డాక్టరు తన విశ్వవిద్యాలయం అనుమతి లేకుండా ఇజ్రాయెల్‌లో, ఇటలీలో ఇంకో హిమోగ్లోబిన్ జబ్బయిన థలసీమియా ఉన్న ఇద్దరు రోగులకు జన్యువులు ఎక్కించాడు. ఫలితం సున్నా, పరిశోధన నిధులూ పోయాయి. తాళం ఎక్కడుందో తెలియకముందే తలుపు బాదిన మనిషి.

తాళం కోసం అందరూ 11వ క్రోమోజోము చుట్టూనే వెతికారు. దొరికింది 2వ క్రోమోజోము మీద. గామా ఎక్కువున్నవాళ్ళ, తక్కువున్నవాళ్ళ జన్యుపటాలు పోల్చి చూస్తే 2007లో లండన్‌లో స్వీ లే థైన్ బృందానికీ, మరుసటి ఏడాది సార్డీనియాలో వెతికినవాళ్ళకూ వేలు ఒకే చోట ఆగింది: బీసీఎల్11ఏ అనే జన్యువు. అప్పటిదాకా అది లింఫోమా క్యాన్సర్లు చదివేవాళ్ళకే తెలుసు. 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఓర్కిన్ ప్రయోగశాలలో, అప్పటికింకా విద్యార్థి అయిన విజయ్ శంకరన్, ఆ జన్యువు నోరు నొక్కితే గామా లేస్తుందని చూపించాడు. 2011లో అదే ప్రయోగశాల సికిల్ సెల్ ఉన్న ఎలుకల్లో ఆ జన్యువును తీసేస్తే జబ్బు నయమైంది. బీసీఎల్11ఏ ప్రొటీన్ గామా జన్యువుకు 115 అక్షరాల ముందు కూర్చుని దాన్ని మూస్తుందని 2018లో తేలింది. సరిగ్గా ఆ పరిసరాల్లోనే, 117వ అక్షరం మారిన గ్రీకు కుటుంబాల్ని 1985లోనే కనిపెట్టారు; కనిపెట్టినవాళ్ళలో ఒకరు తర్వాత మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్. తాళం చెవి పట్టని తాళం కప్పను ముప్ఫై మూడేళ్ళు చేతిలో పెట్టుకుని ఇదేమిటా అని చూశారన్నమాట.

అయితే బీసీఎల్11ఏను తీసి పారేద్దామా? కుదరదు. రోగనిరోధక కణాలకూ, మెదడు ఎదుగుదలకూ, మూలకణాలకూ అది కావాలి. 2013లో డేనియల్ బౌవర్, ఓర్కిన్ ఆ జన్యువు లోపలే, ప్రొటీన్‌కి పనికిరాదని పక్కన పెట్టిన ముక్కలో, ఒక స్విచ్చు కనిపెట్టారు. అది ఎర్రకణాల తయారీలో మాత్రమే పనిచేసే స్విచ్చు! ఇంటి మెయిన్ కట్టెయ్యకుండా ఒక్క గదిలో దీపం ఆర్పినట్టు. డీఎన్ఏలో ఎక్కువ భాగం చెత్త అన్నవాళ్ళు ఆ రోజు కాసేపు మౌనం పాటించి ఉండాల్సింది. 2015లో డీఎన్ఏను కోసే క్రిస్పర్ కత్తెరతో ఆ స్విచ్చు పొడవునా అంగుళం అంగుళం కోసి చూస్తే, గాటా1 అనే ప్రొటీన్ వాలే కొద్ది అక్షరాల గూడు దగ్గర ఆయువుపట్టు దొరికింది.

చికిత్స చేసేది ఇంతే: రోగి మూలకణాల్ని బయటికి తీసి, ఆ గూడు దగ్గర కత్తెర వేస్తారు. కణం తెగిన చోటును హడావుడిగా అతికించుకుంటూ రెండక్షరాలు పోగొట్టుకుంటుంది, లేదా ఎక్కించుకుంటుంది. గాటా1కు వాలే చోటుండదు, బీసీఎల్11ఏ ఎర్రకణాల్లో తగ్గుతుంది, గామా తిరిగి తాళాలు పుచ్చుకుంటుంది. జీటీజీ అన్న ఆ తప్పక్షరాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అది అలాగే ఉంది. ఒక అక్షరాన్ని కచ్చితంగా దిద్దడం కష్టం; ఒకచోట పాడుచెయ్యడం సులువు. కణం అతుకుల పని అధ్వాన్నంగా చేస్తుందన్న నమ్మకం మీద ఈ వైద్యమంతా నిలబడింది.

క్యాస్జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరు 16న బ్రిటన్, డిసెంబరు 8న అమెరికా అనుమతిచ్చాయి. అమెరికా పరిశీలించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. అదే రోజు లిఫ్‌జీనియా అనే ఇంకో చికిత్సకూ అనుమతి వచ్చింది. అది వైరస్ మీద మంచి బీటా జన్యువును ఎక్కిస్తుంది. ఆ బీటాలో 87వ పూస మార్చి గ్లుటమిన్ పెట్టారు. గామా దగ్గర అరువు తెచ్చుకున్న పూస!

ఇక టీచరుగారి ప్రశ్న. 2023లో అనుమతి వచ్చినప్పుడు క్యాస్జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 18 కోట్ల రూపాయలు. సరిచేసిన కణాలు ఎక్కించేముందు బుసల్ఫాన్ అనే కీమో మందుతో పాత మూలుగను ఖాళీ చెయ్యాలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. ఇంత నాజూకు ఆలోచన చేసి చివరికి ఇంత మోటు మందు మీద ఆధారపడటం నాకు మింగుడుపడదు. 2025 నవంబరులో ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ, బిర్సా ముండా పేరు మీద బిర్సా 101 అనే స్వదేశీ క్రిస్పర్ చికిత్సను ప్రకటించింది. తయారీ సాంకేతికతను సీరం ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చింది. ప్రకటన వేరు, ఉట్నూరు ఆసుపత్రి మంచం వేరు.

అందాకా ఆ పాపకు హైడ్రాక్సీయూరియా డాక్టరు చెప్పిన మోతాదులో మానకుండా వేయించండి. రక్తపరీక్షలు మధ్యమధ్య తప్పవు. ఇంకో మాట: ఆ ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే పుట్టగానే పరీక్ష చేయించమనండి, కానీ బడుల్లో చేసే చవక సాల్యుబిలిటీ పరీక్ష ఆ వయసులో నమ్మొద్దు. పసికందు రక్తంలో గామా నిండుగా ఉంటుంది గనక జబ్బున్నా లేదనే చెబుతుంది. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అని అడగాలి.