ఫైలుకూ ఒక వేలిముద్ర

బ్యాంకుకు వెళితే కాగితం మీద సంతకం చేయమంటారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు. ఒకరి వేలిముద్ర ఇంకొకరికి ఉండదు. అందుకే దానికి అంత విలువ. కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో వాడే ఫైళ్ళకు కూడా ఇట్లాంటి వేలిముద్ర ఉంటుంది. సంతకం కూడా ఉంటుంది. అది సరిచూసుకోక కొందరు దొంగ సరుకు ఇంటికి తెచ్చుకున్నారు. ఇది 2016లో జరిగింది.

కంప్యూటర్ నడవాలంటే దానిలో ఒక పెద్ద ప్రోగ్రాం ఉండాలి. ఏ పని ఎట్లా చేయాలో కంప్యూటర్‌కు రాసిపెట్టిన వివరమే ప్రోగ్రాం. కొన్నిటిని డబ్బు పెట్టి కొనాలి. కొన్ని ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికేవాటిలో ఒకటి లైనక్స్ మింట్. మింట్ అంటే పుదీనా. క్లెమెంట్ లెఫెవ్ర్ అనే ఆయన దీన్ని 2006లో మొదలుపెట్టారు. కావలసినవాళ్ళు మింట్ వెబ్‌సైట్‌కు వెళ్ళి ఆ ఫైలును తమ కంప్యూటర్‌లోకి దించుకుంటారు. దీన్నే డౌన్‌లోడ్ అంటారు. వెబ్‌సైట్ అంటే ఇంటర్నెట్‌లో ఉండే దుకాణం అనుకోండి.

2016 ఫిబ్రవరి 20న ఆ దుకాణంలో దొంగలు పడ్డారు. ఇట్లా ఒకరి కంప్యూటర్‌లోకి చాటుగా చొరబడడాన్ని హ్యాకింగ్ అంటారు. వాళ్ళు చేసిన పని విచిత్రమైనది.

ఊరి బయట రోడ్డు చీలే చోట 'విత్తనాల దుకాణానికి దారి' అని ఒక బోర్డు ఉంది. రాత్రికి రాత్రి ఎవరో దాన్ని పక్క దారికి తిప్పేశారు. తెల్లారి వచ్చిన రైతు బోర్డును నమ్మి ఆ దారినే పోయాడు. అక్కడా దుకాణం ఉంది. అదే రంగు సంచి, అదే పేరు. లోపల మాత్రం నకిలీ విత్తనం. విత్తినప్పుడు తెలియదు. పైరు ఎదిగి కాయ కాయనప్పుడు తెలుస్తుంది. నకిలీ విత్తనాలతో నష్టపోయిన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మింట్ వెబ్‌సైట్‌లో జరిగిందీ ఇదే. డౌన్‌లోడ్ కోసం నొక్కే చోట వెనుక ఉన్న చిరునామాను దొంగలు మార్చేశారు. నొక్కినవాళ్ళకు అసలు ఫైలు బదులు దొంగ ఫైలు వచ్చింది. దాని ఆనవాళ్ళు వెతికితే బల్గేరియా దేశంలోని సోఫియా నగరం దాకా పోయాయి. దొంగ ఫైలు చూడటానికి అచ్చం అసలుదే. కానీ దాని లోపల ఒక దొడ్డిదారి పెట్టారు. ఆ దారిన ఎవరో దూరంగా కూర్చుని ఆ కంప్యూటర్ చేత తమ పనులు చేయించుకోవచ్చు. కంప్యూటర్ సొంతదారుకు తెలియను కూడా తెలియదు.

మోసం అందరికీ తగల్లేదు. మింట్‌లో చాలా రకాలు ఉన్నాయి. 17.3 సినమన్ అనే రకాన్ని, ఆ ఒక్క రోజు, ఆ వెబ్‌సైట్‌లో నొక్కి తెచ్చుకున్నవాళ్ళకే చిక్కు. అయితే దొంగలు సభ్యుల జాబితాను కూడా కాజేశారు. దానిలో పేర్లు, ఈమెయిల్ చిరునామాలు, గజిబిజిగా మార్చి దాచిన పాస్‌వర్డులు ఉన్నాయి.

లెఫెవ్ర్ సంగతి దాచిపెట్టలేదు. మరుసటి రోజు, 21వ తేదీనే అందరికీ చెప్పేశారు. "ఫైలు వేలిముద్ర సరిచూడండి. కలవకపోతే పారేయండి. ఇప్పటికే కంప్యూటర్‌లో వేసుకుంటే ఇంటర్నెట్ తీసేయండి. మీ కాగితాలు, ఫోటోలు వేరే చోట భద్రం చేసుకుని అంతా మొదటి నుంచి వేసుకోండి. పాస్‌వర్డులు మార్చుకోండి" అని ఆయన చెప్పిన దాని సారం. వెబ్‌సైట్‌ను కొంతకాలం మూసేశారు.

మింట్ వాడేవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడారు. పరువు పోతుందని దాచకుండా చెప్పినందుకు కొందరు మెచ్చుకున్నారు. ఇంకొందరికి కోపం వచ్చింది. "తలుపు అంత బలహీనంగా ఎందుకుంది? వేలిముద్రను కూడా అదే గోడ మీద ఎందుకు అంటించారు?" అని నిలదీశారు. ఈ రెండో మాటలో చాలా సంగతి ఉంది.

ఫైలు వేలిముద్ర అంటే సిరా గుర్తు కాదు. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన అంకెలు, ఇంగ్లీషు అక్షరాల వరుస. ఫైలు మారకపోతే ఎన్నిసార్లు లెక్కగట్టినా అదే వరుస వస్తుంది. వెయ్యి పేజీల పుస్తకంలో ఒక్క 'క' బదులు 'గ' పడినా చాలు, వరుస అంతా మారిపోతుంది. దుకాణం వాళ్ళు తమ ఫైలు వేలిముద్రను ముందే రాసిపెడతారు. తెచ్చుకున్నవాళ్ళు ఇంట్లో లెక్కగట్టి దానితో పోల్చుకోవాలి.

అప్పుడు మింట్ వాళ్ళు ఎం.డి.5 అనే పాత పద్ధతిలో వేలిముద్ర తీసేవారు. అది 32 అక్షరాల వరుస. వేరువేరు ఫైళ్ళకు ఒకే ఎం.డి.5 వేలిముద్ర వచ్చేలా చేయవచ్చని 2004లోనే తేలింది. తేల్చింది చైనాకు చెందిన వాంగ్ షియావోయున్, ఆమెతో పనిచేసినవాళ్ళు. ఆమె లెక్కల్లో పండితురాలు. అంత పెద్ద తాళం లోపాన్ని పట్టుకున్నది ఒక ఆడమనిషి!

ఇంకో చిక్కు కూడా ఉంది. దుకాణంలో దూరిన దొంగ గోడ మీది వేలిముద్రను చెరిపి తన సరుకు వేలిముద్రను రాయగలడు. అప్పుడు పోల్చి చూసినా కలుస్తుంది. అందుకని సంతకం కావాలి. ఈ సంతకానికి రెండు తాళంచెవులు ఉంటాయి. సంతకం పెట్టే చెవి సొంతదారు దగ్గర రహస్యంగా ఉంటుంది. దాన్ని దుకాణంలో ఉంచకూడదు. సంతకం నిజమో కాదో చూసే చెవిని మాత్రం ఊరందరికీ ఇస్తారు. దొంగ దుకాణమంతా దోచినా రహస్య చెవి దొరకదు. కాబట్టి ఆ సంతకం పెట్టలేడు.

ఆ దెబ్బతో మింట్ వాళ్ళు పద్ధతులు మార్చారు. ఎస్.హెచ్.ఏ.-256 అనే పద్ధతిలో 64 అక్షరాల వేలిముద్ర ఇస్తున్నారు. దానికి సంతకం జోడించారు. ఎట్లా సరిచూడాలో వివరంగా రాసిపెట్టారు. వెబ్‌సైట్ చిరునామా ముందు హెచ్.టి.టి.పి.ఎస్. చేర్చారు. అంటే దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎవరూ సరుకు మార్చలేరు. అయితే దుకాణంలోనే దొంగ ఉంటే ఇది ఆపలేదు. ఈ తేడా తెలియక చాలామంది ఆ నాలుగు అక్షరాలూ, చివరి 'ఎస్'నూ చూసి నిశ్చింతగా ఉంటారు.

కంప్యూటర్ లేని ఇంట్లో కూడా ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది. ఫోన్‌లో వేసుకునే యాప్ కూడా ఫైలే. ఆండ్రాయిడ్ ఫోన్ సంతకం లేని యాప్‌ను వేసుకోనివ్వదు. పాత యాప్‌ను కొత్తది చేసేటప్పుడు అదే సంతకం ఉందా అని చూస్తుంది. కానీ మొదటిసారి వేసుకునేటప్పుడు చిక్కు. సంతకం ఉందా అని చూస్తుందే గానీ, పెట్టిన మనిషి మంచివాడా అని దానికి తెలియదు. దొంగ కూడా తన సంతకం తాను పెట్టుకోగలడు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి మోసాలు జరుగుతున్నాయి. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అని ఒక ఫైలు వస్తుంది. పీఎం కిసాన్ అనో, బండి చలానా అనో, బ్యాంకు వాళ్ళమనో వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. శుభలేఖ అయితే బొమ్మగా రావాలి, యాప్‌గా ఎందుకొస్తుంది? దాన్ని నొక్కితే 'తెలియని చోటి నుంచి వేసుకోనా?' అని ఫోన్ అడుగుతుంది. సరే అంటే దొంగ లోపలికి వచ్చినట్టే. బ్యాంకు పంపే ఓటీపీ మెసేజీలు వాడు చదువుతాడు. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా నమ్మడానికి లేదు. వాళ్ళ ఫోన్ ముందే వాడి చేతిలో పడి ఉండవచ్చు. ఒకసారి ఫోన్ చేసి "నువ్వే పంపావా అక్కా?" అని అడిగితే తేలిపోతుంది.

యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తెచ్చుకోవాలి. అక్కడా అప్పుడప్పుడు చెడ్డవి దూరాయి గానీ, వాట్సాప్‌లో వచ్చినదానికంటే నయం.

పొరపాటున నొక్కితే ముందు ఇంటర్నెట్ ఆపేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి వేరే ఫోన్ నుంచి చేయాలి. ఎంత తొందరగా చెబితే బ్యాంకులో సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ. ఏ బ్యాంకు, ఎంత సొమ్ము, ఏ రోజు, ఎన్ని గంటలకు పోయింది అని అడుగుతారు. బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకుని చేస్తే చెప్పడం తేలిక.