‘ఎలాగూ డీఎన్ఏ మారిపోయిందిగా!’

పొగ మనిషి డీఎన్ఏనే మార్చేస్తుందట, పదేళ్లు తాగాక మానినా మానకపోయినా ఒకటేనట. ఇక్కడ సింగపూర్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశమిది. బుకిట్ పంజాంగ్‌లో మా పక్క బ్లాకు తమ్ముడొకడు మూడు నెలలు ఉగ్గబట్టుకుని ఉన్నవాడల్లా అది చదివి మళ్లీ పెట్టె కొన్నాడు. ఇక్కడి సిగరెట్ పెట్టె ధర తెలిసినవాళ్లకు ఆ ఫార్వర్డు ఎంత పని చేసిందో వేరే చెప్పక్కర్లేదు.

పొగ డీఎన్ఏ అక్షరాలనూ పాడుచేస్తుంది, క్యాన్సర్ అలాగే పుడుతుంది. కానీ ఊపిరితిత్తుల్లో వాపు ఆరకుండా రగలడానికి అక్షరాలు మారనక్కర్లేదు. డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ కండెకు నూలు చుట్టినట్టు ఉంటుంది. వాటికి ఎసిటైల్ గుంపులు అంటుకుంటే చుట్టు వదులై, వాపు పుట్టించే జన్యువులు మేలుకుంటాయి. హెచ్‌డీఏసీ-2 అనే ఎంజైము ఆ గుంపులను ఊడబెరికి మళ్లీ బిగిస్తుంది. పొగ దెబ్బతీసేది ఆ ఎంజైమునే. గాలి దారులు ఇరుకైపోయే సీఓపీడీ జబ్బు ముదిరినకొద్దీ ఊపిరితిత్తుల్లో అది తగ్గిపోతున్నట్టు లండన్‌లో పీటర్ బార్న్స్ బృందం 2005లో చూపించింది. స్టెరాయిడ్లు వాపును ఆర్పేదీ దాని సాయంతోనే. ఇన్‌హేలర్ పనిచేయడం లేదని డాక్టరును తిట్టుకునేవారు ఒకసారి తమ జేబు తడుముకుంటే మంచిది. అలాగని ఇన్‌హేలర్ మానేయకండి!

మరి సిగరెట్ మానితే? అక్షరాలు మారకుండానే పొగ వల్ల డీఎన్ఏ మీద పడే మిథైల్ గుర్తుల కోసం దాదాపు 16 వేలమంది రక్తాన్ని పరిశీలించిన అధ్యయనం 2016లో వచ్చింది. మానేసిన 5 ఏళ్లలో చాలా గుర్తులు ఎన్నడూ తాగనివారి స్థాయికి చేరాయి. కొన్ని మాత్రం 30 ఏళ్లయినా పోలేదు. సీఓపీడీ వచ్చాక మానినా వాపు పూర్తిగా ఆరదు కూడా. సరే, ఫార్వర్డులో ఆవగింజంత నిజముంది, ఒప్పుకుంటున్నా. కానీ ఊపిరి సామర్థ్యం పడిపోయే వేగం తగ్గేది మానినవాళ్లకే. చొక్కాకు పసుపు మరక మిగిలిందని ఉతకడం మానేస్తామా?

ఇలాంటి నమ్మకాలు ఇంకా ఉన్నాయి. బెల్లం ముక్క ఊపిరితిత్తులను కడిగేస్తుందా? అది పోయేది పొట్టలోకండీ. వేప్ పొగ కాదుగా అంటారా, ఇక్కడ 2018 నుంచి దాన్ని దగ్గరుంచుకోవడమే నేరం, ఊపిరితిత్తులకూ అది చుట్టం కాదు. శ్రీకాకుళంలో నాయనమ్మ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని, తాగి ఎనభై ఏళ్లు బతికిందంటారు కొందరు. అంగిలి క్యాన్సర్‌తో పోయిన నాయనమ్మల మనవలు ఇలాంటి కబుర్లు చెప్పరు.

మానడం ఒక్కరి వల్ల కాకపోతే నికోటిన్ ప్యాచ్‌లున్నాయి, హెల్త్ ప్రమోషన్ బోర్డ్ వారి ఐ క్విట్ కార్యక్రమం ఉంది, క్విట్‌లైన్ 1800 438 2000 ఉంది. మొదటి 28 రోజులు గడిపితే మళ్లీ మొదలెట్టే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ పక్క బ్లాకు తమ్ముడికి నంబరు పంపాను. ఫోన్ చేశాడో లేదో గానీ, ఆ గ్రూపులోంచి మాత్రం బయటికొచ్చేశాడు.