కురులంటిన ఆకుపచ్చ

శంషాబాదు చెంత నర్కూడలో వెలసిన అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము తెలుగు చిత్రబృందములకు చిరపరిచితము. అట్టి ఆలయమునే కంప్యూటరులో సృష్టింపదలచి, పెండ్లికూతురి వేషమున నున్న నటిని గ్రీన్‌స్క్రీన్ ముందు నిలిపినప్పుడు, ఆ తెరపై బడి మరలిన కాంతి ఆమె కురులకును చెక్కిళ్లకును తెల్లచీర అంచులకును ఆకుపచ్చని ఛాయ నద్దును. తెరను తొలగించినను ఈ ఛాయ, అనగా స్పిల్, తొలగిపోదు.

దీని నడచు సూత్రము సులభమే: ప్రతి పిక్సెలునందును ఆకుపచ్చ విలువ ఎరుపు నీలముల సగటును మించినచో, దానిని ఆ సగటువఱకు దించుదురు. కాని ఆమె మెడలోని కాసులపేరు మాట యేమి? బంగారు వన్నెలో ఎరుపు 220, ఆకుపచ్చ 170, నీలము 60 అనుకొందము. సగటు 140 గనుక ఆకుపచ్చ అంతకు దిగి, పసిడి రాగివలె ఎఱ్ఱబారును. పసుపు పూసిన పాదములకును ఇదే గతి! కావున నగలున్నచోట సగటును విడిచి, ఎరుపు నీలములలో పెద్దదానినే హద్దుగా గొన్నచో బంగారము చెక్కుచెదరదు. 2015 నాటి ‘బాహుబలి’ వంటి ఆభరణభూయిష్టములైన రాజకథలకు ఈ వివేకము అత్యావశ్యకమని నా నమ్మకము.

ఛాయతోపాటు తగ్గిన వెలుగును నేపథ్యవర్ణముతో మరల నింపనిచో కురుల అంచులు మసకబారును. నటిని తెరకు 10, 12 అడుగుల యెడముగా నిలిపినచో ఈ శ్రమ చాలవఱకు తప్పును.