యాత్రాచిహ్నాలు – వాటి అంతరార్థం

తీర్థయాత్ర చేసి ఇంటికి చేరినవారిని ఇరుగుపొరుగువారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "దర్శనం బాగా జరిగిందా?" అన్నది మొదటిది. "మాకేమి తెచ్చారు?" అన్నది రెండవది. ఈ రెండవ ప్రశ్నను ఆశతో అడిగినదిగా భావించరాదు. వయసు మీదపడి, చేతిలో పైకం లేక, సంసార భారం వల్ల కదలలేక ఇంటనే ఉండిపోయినవారు ఆ పుణ్యంలో తమ వంతు ఎక్కడ ఉన్నదని అడుగుతున్న మాట అది. దానికి సమాధానంగానే మన పెద్దలు ప్రసాదం, తీర్థం, కుంకుమ, అక్షతలు, కాశీదారం వంటివాటిని ఇంటికి తెచ్చి పంచే ఆచారాన్ని ఏర్పరచారు.

ఈనాడు రైళ్లు, విమానాలు అందుబాటులోకి వచ్చి యాత్రలు సులభమయ్యాయి. యాత్రికుల పెట్టెలు కూడా బరువెక్కాయి. అయితే తెచ్చిన వస్తువు దేనికోసమన్న ఎరుక మాత్రం తగ్గుతున్నదేమోనని, నలభై ఏళ్లుగా అర్చకత్వం చేస్తున్న నాకు అనిపిస్తూ ఉంటుంది. మా ఆలయ ప్రాంగణంలోని రావిచెట్టు మొదట్లో ప్రతి పండుగకు ముందు ఇల్లు సర్దుకున్నవారు వదిలి వెళ్లిన పటాలు, విరిగిన ప్రతిమలు, మాటు వేసిన మూతైనా తీయని గంగచెంబులు కనిపిస్తాయి. ఎంతో శ్రమపడి, ఎంతో దూరం మోసుకొచ్చిన గంగమ్మ చివరకు చెట్టు కింద అనాథగా మిగలడం చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

రామాయణంలో ఆనవాలు

యాత్ర నుంచి తెచ్చే గుర్తుకు విలువ ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలంటే శ్రీమద్రామాయణాన్ని ఆశ్రయించాలి. హనుమంతుడు లంకకు వెళ్లేటప్పుడు శ్రీరామనామం చెక్కిన ఉంగరాన్ని తీసుకువెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు సీతమ్మ తన కొంగున దాచుకొన్న చూడామణిని విప్పి ఇవ్వగా దానిని తెచ్చాడు. స్వర్ణమయమైన లంకలో మణిమాణిక్యాలకు కొదవా? అయినా హనుమ తన కోసం ఒక్క రత్నాన్నీ కోరలేదు. అమ్మ ఇచ్చిన గుర్తునే భద్రంగా తెచ్చి స్వామి చేతిలో పెట్టాడు.

ఆ మణిని చూసిన రాముడు దాని వెల ఎంతని ఆలోచించలేదు. దానిని హృదయానికి హత్తుకొని కన్నీరు పెట్టుకొన్నాడు. అది వివాహ సమయంలో జనకుడు సీతకు ఇచ్చినది. దానిని చూడగానే సీతతో పాటు తండ్రి దశరథుడు, మామ జనకుడు కూడా కళ్లముందు నిలిచారని స్వామి పలికినట్లు వాల్మీకి మహర్షి వర్ణించారు. ఒక చిన్న మణి ముగ్గురు ఆత్మీయులను ఒక్కసారిగా చూపించింది. ఆనవాలు అన్న మాటకు అర్థం ఇదే.

భరతుడు కూడా చిత్రకూటం నుంచి రిక్తహస్తాలతో తిరిగి రాలేదు. అన్నగారి పాదుకలను శిరసున ధరించి తెచ్చి, నందిగ్రామంలో పదునాలుగేళ్లు వాటి సన్నిధిలోనే రాజ్యభారం వహించాడు. ఏ పని తలపెట్టినా ముందుగా పాదుకలకు విన్నవించాడు. చూడామణి జ్ఞాపకాన్ని మేల్కొలిపితే, పాదుకలు నడవడిని దిద్దాయి. మనం తెచ్చుకొనే గుర్తు ఈ రెండింటిలో ఒక్కటైనా చేయగలిగితే అది సార్థకమైనట్లే.

తీర్థం, ప్రసాదం

పూర్వం కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనేవారు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, తిరిగి చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. అంటే సుమారు పదిహేను నెలలు. అటువంటి ప్రయాణం తరువాత చెంబెడు గంగ ఇంటికి చేరితే ఊరంతా పండుగే. గంగపూజ చేసి, కాశీ సమారాధన పేర బంధుమిత్రులకు అన్నం పెట్టి, తీర్థాన్నీ కాశీదారాలనూ పంచేవారు. సేతువు ఇసుకను ప్రయాగకు చేర్చి త్రివేణిలో కలపడం, గంగను రామేశ్వరానికి తెచ్చి స్వామికి అభిషేకం చేయడం కూడా ఈ సంప్రదాయంలోని భాగాలే. ఉత్తర దక్షిణాలను ఒక పిడికెడు ఇసుకతో, ఒక చెంబు నీటితో కలిపిన బుద్ధి మన పూర్వులది.

తిరుమల లడ్డూ సంగతీ అంతే. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో మరొకచోట ఎవరూ తయారు చేసి అమ్మరాదన్నది దాని భావం. అయితే భక్తులు ఆ గుర్తింపును ఎప్పుడో ఇచ్చేశారు. ఒక్క లడ్డూను చిదిపి పది ఇళ్లకు పంచుతాం. అందినది చిటికెడైనా కళ్లకద్దుకొని స్వీకరిస్తాం. ప్రసాదం దాచుకోవడానికి కాదు, పంచుకోవడానికి. పూరీ జగన్నాథుని అన్నప్రసాదాన్ని ఎండబెట్టిన నిర్మాల్యం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. దానిని మెతుకు మెతుకుగా శుభకార్యాలలో స్వీకరించే ఆచారం ఉంది.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా జీవితంలోని ఒక సంఘటన చెప్పక తప్పదు. 1994లో నేను కాశీయాత్రకు బయలుదేరినప్పుడు మా వీధిలోని ఒక వృద్ధురాలు మంచంలో ఉండే నన్ను పిలిపించారు. కొంగుముడి విప్పి పది రూపాయల నోటు నా చేతిలో పెట్టి, "నాయనా, నా పేరు చెప్పుకొని ఒక మునక వెయ్యి. గుక్కెడు గంగ తెచ్చిపెట్టు. ఇంకేమీ వద్దు" అన్నారు. ఆమె కోరినట్లే మునక వేశాను. పన్నెండు చెంబుల గంగ తెచ్చాను.

ఇంటికి వచ్చాక పంచాంగం చూస్తే సమారాధనకు అనుకూలమైన రోజు పన్నెండు రోజులకు గాని లేదు. పూజ కానిదే చెంబు మూత తీయరాదన్న నియమంతో వాటిని దేవుని గదిలో ఉంచాను. ఆమె రెండుసార్లు కబురు పంపారు. "ఇంకెన్నాళ్లో లేదమ్మా, పూజ కాగానే తెస్తాను" అని చెప్పి పంపాను. తొమ్మిదవ రోజు తెల్లవారుజామున వారి మనుమడు పరుగున వచ్చాడు. నేను చెంబు తీసుకొని వెళ్లి, మాటు విడదీయడానికి తంటాలు పడి, మూత ఊడేసరికి ఆమె శ్వాస ఆగిపోయింది. ఆ గంగను చల్లబడిన పెదవులపై పోశాను.

ఆపద్ధర్మమంటే ఏమిటో నలుగురికీ చెప్పవలసిన వాడిని. అవసరం ముంగిట ఉన్నప్పుడు నియమం సడలుతుందని చదువుకొన్నవాడిని. అయినా ఆ సమయానికి చదువు అక్కరకు రాలేదు. లోపం ఆచారానిది కాదు, నాది. ఆనాటి నుంచి ఏ యాత్ర నుంచి వచ్చినా కాళ్లు కడుక్కోగానే మొదట వృద్ధులు, రోగులు ఉన్న ఇళ్లకు తీర్థప్రసాదాలు చేరుస్తున్నాను. పూజా సమారాధనలు ఆ తరువాతనే.

ఏవి తేవాలి, ఎలా ఉంచాలి?

పిల్లలకు బొమ్మలు తేవడమూ మంచిదే. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, వరాహనది ఒడ్డున అంకుడు కర్రకు లక్క పూసి చేసే ఏటికొప్పాక బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలు మన నేల ఇచ్చిన సంపద. వాటిని కొంటే ఒక కళాకారుని ఇంట పొయ్యి వెలుగుతుంది. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువులో పెట్టి, ఏ బొమ్మ ఏ క్షేత్రం నుంచి వచ్చిందో అమ్మమ్మలు పిల్లలకు చెప్పాలి. ఆ కథ చెప్పేవారు లేకపోతే అది కేవలం రంగువేసిన కర్రముక్క.

గండకీ సాలగ్రామం, నర్మదా బాణలింగం వంటివి మాత్రం అందంగా ఉన్నాయని తెచ్చుకోదగినవి కావు. నిత్యం అభిషేక నైవేద్యాలు జరపగలమని నిశ్చయించుకొన్నవారే గురుముఖంగా స్వీకరించాలి. చేయలేమనుకొంటే అక్కడే నమస్కరించి రావడం ఉత్తమం. ఇంట్లో ఏళ్లతరబడి మిగిలిన గంగను తులసికోట మొదట్లో గాని, బావిలో గాని కలపవచ్చు. భిన్నమైన ప్రతిమలను చెట్ల కింద వదలక, సమీప ఆలయ అర్చకుని అడిగి ఉద్వాసన చెప్పించాలి.

కాశీకి వెళ్లినవారు ఇష్టమైన కాయో పండో అక్కడ విడిచి రావడం మనవారిలో ఆచారం. తెచ్చుకొన్న వస్తువులను లెక్కించుకొనే ముందు, ఏమి విడిచి వచ్చామో కూడా ఒకసారి తలచుకోవాలి. కోపమో, లోభమో కొంతైనా అక్కడ విడిచి, ఇక్కడ ఎదురుచూస్తున్నవారికి గుక్కెడు తీర్థం సకాలంలో అందించగలిగితే ఆ యాత్ర ఫలించినట్లే.

మీ దేవుని గదిలో మూత తీయని గంగచెంబు ఉన్నదేమో ఈ రోజే చూడండి. దానికోసం ఎదురుచూస్తున్న పెద్దలు మీ వీధిలోనే ఉండవచ్చు. సర్వే జనాః సుఖినో భవంతు.