ఒక కంఠము, ఒక గిటారు

మైకు లేని కాలమున గట్టిగా పాడుట గాయకునికి తప్పనిసరి. నాటకశాలలో చివరి వరుసవారికి పద్యము వినబడవలెనన్నచో నటుడు గొంతెత్తవలసినదే. ఆ నటుడే ఇల్లు చేరి బిడ్డను నిద్రపుచ్చునపుడు వేరొక కంఠముతో పాడును. ఈ రెండవ కంఠము చిరకాలము ఇంటి గోడల మధ్యనే ఉండిపోయినది. దానిని లోకమునకు వినిపించినది మైక్రోఫోను. ఆ సౌకర్యమును తుదివరకు వినియోగించుకొన్న గాయకులలో బ్రెజిలు దేశస్థుడగు జోవో గిల్బెర్టో ముఖ్యుడు. తన పేరే పేరుగా ఆయన 1973లో వెలువరించిన లాంగ్ ప్లే రికార్డు ఎట్లు రూపొందినదో శ్రోతలకు వివరింప దలచితిమి.

గిల్బెర్టో 1931లో బాహియా రాష్ట్రమందలి జువజేయిరో అను ఊర జన్మించెను. 1950లో రియో డి జనీరో నగరము చేరి ఒక గాయకబృందమున పాడెను. అప్పటికి ఆయనది నిండు గొంతుతో పాడు పాత బాణియే. ఆ బృందమున ఎక్కువకాలము నిలువలేదు; కొన్నియేండ్లు ఊరూరు తిరిగెను. ఆ దశకము నడుమ డియమంటీనా అను ఊర సోదరి యింట నుండి, స్నానపుగది తలుపు మూసికొని గంటలకొలది సాధన చేసెననుట ప్రసిద్ధము. చిన్న గదిలో ధ్వని గట్టి గోడలకు తాకి వెంటనే మరలివచ్చును. ఎంత మెల్లగా పాడినను తన కంఠము తనకు స్పష్టముగా వినబడును. మెల్లని పాటలోని బలము ఆయనకు అచటనే తెలిసివచ్చెనని చెప్పుదురు.

1958లో జోబిమ్ స్వరపరచిన 'షేగా జి సవుదాజి' పాటను రికార్డు చేయునపుడు, కంఠమునకొకటి, గిటారుకొకటిగా రెండు మైకులు కావలెనని ఆయన పట్టుపట్టెను. 'బోసా నోవా', అనగా కొత్త పోకడ, అను సంగీతము దేశమంతట వ్యాపించుటకు ఈ పాట నాంది యయ్యెను. ఇందు బొటనవ్రేలు మందరపు తీగలపై సాంబా డోలు దెబ్బను సమముగా నిలుపును. తక్కిన వ్రేళ్లు కొన్ని స్వరముల నొక్కుమ్మడి మీటుచు చిన్న తప్పెటల ఎదురుదెబ్బ వేయును. వీధి ఊరేగింపులోని వాద్యముల పని ఒక చేతిలో ఇమిడిపోవును. కంఠము ఆ లయకు అంటిపెట్టుకొనక, ఒకచో ముందు నడచి, ఒకచో వెనుకబడి, తుదకు మరల కలిసికొనును. స్వరమునందు కంపముండదు, మాటాడినట్లే పాట సాగును.

1963లో అమెరికా సాక్సోఫోను విద్వాంసుడు స్టాన్ గెట్జ్‌తో కలిసి ఆయన చేసిన రికార్డు 1964లో వెలువడి, 1965లో గ్రామీ బహుమానము నందెను. ఇంతటి ప్రఖ్యాతి వచ్చినపిదప వాద్యబృందమును పెంచుటయే లోకరీతి. 1973 నాటి రికార్డులో గిల్బెర్టో దానికి విరుద్ధముగా నడచెను. తొలి రికార్డులలోని తంత్రీవాద్యములు, గాలివాద్యములు ఇందు లేవు. ఈ రికార్డులో ఉన్నది ఆయన కంఠము, గిటారు, సనీ కార్ వేసిన అతి తేలికయైన తాళవాద్యము. ఒక పాటలో మాత్రము గాయని మ్యూషా గొంతు కలిపెను. ధ్వనిముద్రణ చేసినది వెండీ కార్లోస్. నిర్వహించినది రేచల్ ఎల్కిండ్. బాక్ కృతులను విద్యుద్యంత్రమగు సింథసైజరుపై వినిపించి 1968లో సంచలనము కలిగించిన రికార్డు ఈ ఇరువురిదే. యంత్రధ్వనులతో అంతటి కట్టడము కట్టినవారే ఈ నిరాడంబరమైన పాటను పట్టి నిలిపిరి.

ఆ పట్టి నిలుపుటలోని కిటుకేమి? మైకునకును నోటికిని గల దూరము సగమైనచో సూటిగా వచ్చు ధ్వనిశక్తి నాలుగింతలగును. గది గోడల నుండి మరలివచ్చు ధ్వని మాత్రము దాదాపు పూర్వమట్లే ఉండును. కావున గది మాయమై, గాయకుడు మన చెవి చెంత కూర్చున్నట్లు తోచును. ఒక దిక్కు ధ్వనినే ఎక్కువగా గ్రహించు మైకులు దగ్గరగా నున్నపుడు మందరస్వరములను పెంచి చూపును. అందువలన కంఠమునకు ఒక వెచ్చదనము వచ్చును. కాని ఈ సామీప్యము దాక్షిణ్యము చూపదు. ఊపిరి తీయుట, గోరు తీగను తాకుట, అక్షరము పెదవులపై తడబడుట, సమస్తమును బయటపెట్టును. పైగా ఒక్కడే పాడుచు మీటునపుడు కంఠపు మైకులోనికి గిటారు, గిటారు మైకులోనికి కంఠము చొచ్చుకొనివచ్చును. ఒకదానిని పిదప విడదీసి దిద్దుట కష్టము. రెంటి నడుమ తూకమును యంత్రము కాదు, గాయకుడే తన శ్వాసతోను, వ్రేళ్లతోను నిలుపవలెను. పెద్ద బృందములో ఒకరి తప్పును మరియొకరి వాద్యము కప్పును. ఇచట కప్పువారు లేరు.

పోర్చుగీసు భాష రాదని శ్రోతలు సంకోచింప నక్కరలేదు. మొదటి పాట, జోబిమ్ రచించిన 'అగువాస్ జి మార్సు', అనగా మార్చి నెల జలములు, చిన్న చిన్న వస్తువుల పేర్లను వరుసగా పేర్చినది. 'ఉండియు' అను పాటలో ఆ ఒక్క మాటయే మరల మరల వచ్చును. మాటలు లేని మరియొక పాటకు 'యోగులెంత అందమైనవారో' అని అర్థమిచ్చు పేరు గలదు. మన దేశపు మాట ఒకటి అంతదూరము పోయి ఆ పాట పేరులో నిలిచినది. ఈ పాటలలో అర్థము స్వరమునందే ఉన్నది.

కచేరీలలో శీతలయంత్రపు మ్రోతను సహింపలేదని గిల్బెర్టోను గూర్చి పలువురు హాస్యమాడిరి. ఆయన పని యెట్టిదో తెలిసినపిదప అది వట్టి చాదస్తముగా తోచదు. ఊపిరి యంత మెల్లని స్వరమును ఆ మ్రోత మ్రింగివేయును. ఆయన 2019లో, 88 యేండ్ల వయస్సున, రియోలో కన్నుమూసెను. ఆ మెల్లని కంఠము రికార్డులో మిగిలినది. ఈ రికార్డు చేతికి వచ్చినపుడు, ఇంటిల్లిపాది పనులు ముగిసిన రాత్రివేళ, ధ్వనిని పెంచుటకు మారుగా కొంత తగ్గించి వినుడని మా మనవి. ఒక్కనికొఱకు పాడిన పాటను ఒక్కరుగా, నిశ్శబ్దముగా వినుటయే దానికి తగిన మర్యాద.